కైరోప్రాక్టిక్ అడ్జస్ట్‌మెంట్ పద్ధతులు, ఫిజియోథెరపీలో వాటి స్థానం

కైరోప్రాక్టిక్ అడ్జస్ట్‌మెంట్ అంటే వెన్నెముకలోని కీలును గానీ, కాలుచేతుల కీలును గానీ దాని మామూలు కదలిక హద్దు దాకా తీసుకెళ్లి, అక్కడ చేత్తో చిన్న కుదుపు ఇచ్చే చికిత్స. కుదుపు వేగం ఎక్కువ, కీలు జరిగే దూరం తక్కువ. చాలాసార్లు ‘టక్’మని చప్పుడు వస్తుంది. ఇదే పనిని ఫిజియోథెరపిస్టులు మానిప్యులేషన్ అనీ, గ్రేడ్ 5 మొబిలైజేషన్ అనీ అంటారు. ఆస్టియోపతీవాళ్లు హెచ్‌వీఎల్ఏ థ్రస్ట్ అంటారు. ముగ్గురి చేతులూ చేసేది దాదాపు ఒకటే. ఎందుకు చేస్తున్నాం, చేస్తే ఒంట్లో ఏం జరుగుతుంది అన్న ప్రశ్నల దగ్గరే దారులు చీలాయి. ఫిజియోథెరపిస్టుకు ఈ పద్ధతులు పనికొస్తాయా అన్నది తేలాలంటే చేతి నైపుణ్యాన్నీ, దానితోపాటు వచ్చిన సిద్ధాంతాన్నీ విడదీసి చూడాలి.

పుట్టుక

1895 సెప్టెంబరు 18న అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే అయస్కాంత వైద్యుడు తన భవనంలో పనిచేసే హార్వీ లిల్లార్డ్ వెన్నుపూసను ఒకదాన్ని నొక్కాడనీ, ఏళ్ల తరబడి వినపడని చెవులు దాంతో వినపడ్డాయనీ కైరోప్రాక్టిక్ చరిత్ర మొదలవుతుంది. లిల్లార్డ్ కూతురు తర్వాత చెప్పిన కథ వేరు: నడవలో లిల్లార్డ్ హాస్యమాడుతుంటే పామర్ నవ్వుతూ చేతిలోని పుస్తకంతో ఆయన వీపు మీద చరిచాడట, కొన్ని రోజులకు వినికిడి కాస్త మెరుగైందట. ఏ కథను నమ్మినా ఒక చిక్కు తప్పదు. చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడి పుర్రె లోపలే ఉంటుంది, వెన్నెముక గుండా పోదు. ఈ అభ్యంతరం మొదటినుంచీ ఉంది.

పామర్ 1897లో బడి పెట్టాడు. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు జైలుకూ వెళ్లాడు. తర్వాత బడిని పెంచి, వృత్తిని ఊరూరా చాటినవాడు కొడుకు బి.జె. పామర్. తండ్రి సిద్ధాంతం సూటిగా ఉండేది. వెన్నుపూస చోటు తప్పితే నాడి నలుగుతుంది, రోగాల్లో 95 శాతం అందువల్లే వస్తాయి. ఆ చోటు తప్పడానికి ఆయన వాడిన మాట సబ్‌లక్సేషన్. దాన్నే అంటిపెట్టుకున్నవారిని స్ట్రెయిట్స్ అనీ, వ్యాయామాన్నీ తాపన చికిత్సలనూ కలుపుకున్నవారిని మిక్సర్లు అనీ ఆ వృత్తిలోవాళ్లే పిలిచేవారు. ఆ చీలిక నేటికీ పోలేదు. 2010లో బ్రిటన్‌లోని జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే సబ్‌లక్సేషన్ భావన చరిత్రకు సంబంధించినదనీ, జబ్బులకు ఇది కారణమనడానికి పరిశోధనల ఆధారం లేదనీ ప్రకటించింది.

కీళ్లను చేత్తో సరిచేయడం పామర్ కనిపెట్టింది కాదు. ఆయనకు ముందే ఆండ్రూ టేలర్ స్టిల్ ఆస్టియోపతీని మొదలుపెట్టి, 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో బడి తెరిచాడు. ఇంగ్లాండులో బోన్‌సెట్టర్ల పరంపర అంతకన్నా పాతది. 1867లో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ పాజెట్ తోటి వైద్యులను హెచ్చరించాడు: మీరు నయం చేయలేని కీళ్ల నొప్పులను బోన్‌సెట్టర్ నయం చేసి మీ పేరు చెడగొట్టే రోజు వస్తుంది, వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది నేర్చుకోండి అని. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టును నమ్మిన మనకు ఈ పరంపర కొత్త కాదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత తొక్కించుకోవడం తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లకు గుర్తే. అక్కడా తొక్కుడులో కొంత ఒత్తిడి ఉంది, దాన్ని మించిన నమ్మకం ఉంది. ఆ రెండింటినీ విడదీయడం ఆధునిక పరిశోధనకూ అంత తేలిక కాలేదు.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1963లో క్వాకరీ కమిటీని వేసి కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయవద్దని వైద్యులను కట్టడి చేసింది. చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు 1976లో గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేశారు. 1987లో న్యాయమూర్తి సుసాన్ గెట్జెన్‌డానర్ అసోసియేషన్‌ది తప్పని తీర్పిచ్చారు. 1990లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. తీర్పు వ్యాపార స్వేచ్ఛ గురించే. దాన్ని వైద్యశాస్త్రం ఇచ్చిన యోగ్యతాపత్రంగా చూపించడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

చప్పుడు, ఎముక, నాడి

రోగికి గుర్తుండిపోయేది చప్పుడే. కీలులో సైనోవియల్ ద్రవం ఉంటుంది. రెండు ఎముకల ఉపరితలాలను ఒక్కసారిగా లాగితే లోపలి పీడనం పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బయటికొచ్చి ఖాళీ ఏర్పడుతుంది. బుడగ పగలడం వల్లే చప్పుడని 1971లో ఇంగ్లాండు పరిశోధకులు వివరించారు. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో వేలి కీలును లాగుతూ ఎంఆర్ఐ తీసినప్పుడు, చప్పుడు తర్వాత కూడా ఖాళీ అలాగే కనబడింది. బుడగ పుట్టడమే కారణమని వాళ్లు తేల్చారు. బుడగ పూర్తిగా పోనక్కర్లేదు, కొంత కుంగినా అంత చప్పుడు రావచ్చని 2018లో మరో గణిత నమూనా వచ్చింది. వాదం అక్కడ ఉంది. వాయువు మళ్లీ ద్రవంలో కరగడానికి 20 నిమిషాల దాకా పడుతుంది కాబట్టి అదే కీలు వెంటనే రెండోసారి చప్పుడు చేయదు.

చికిత్స చేసేవారికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. చప్పుడు వచ్చిందంటే కీలు కాస్త తెరుచుకుందని మాత్రమే అర్థం, పక్కకు జరిగిన ఎముక తిరిగి కూర్చుందని కాదు. తుంటి వెనకాల ఉండే సాక్రోఇలియాక్ కీలును మానిప్యులేషన్‌కు ముందూ తర్వాతా అతిసూక్ష్మ ఎక్స్‌రే కొలతలతో చూసిన స్వీడన్ పరిశోధన 1998లో వెలువడింది. కీలు స్థానంలో మార్పే కనబడలేదు. 2004లో కెనడాలో జరిగిన మరో అధ్యయనంలో అనుభవజ్ఞులైన కైరోప్రాక్టర్లు ఒక కీలును గురిపెట్టి కుదుపు ఇస్తే చప్పుడు సగటున ఒక పూస దూరంలోనో, అంతకన్నా అవతలో వచ్చింది. తరచూ ఒకటికి మించిన కీళ్లు పలికాయి. అయినా రోగులకు ఉపశమనం ఉంటోంది. కచ్చితమైన పూసను కచ్చితమైన కోణంలో కదపాలన్న పట్టుదలకు ఇంత బరువు మోపనక్కర్లేదనే దీని అర్థం.

కొలిచిన లెక్కల ప్రకారం మెడ మీద కుదుపు బలం 100 న్యూటన్ల చుట్టుపక్కల, వీపు మీద 400 న్యూటన్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండోది దాదాపు 40 కిలోల బరువుతో సమానం. కుదుపు ముగిసేందుకు సెకనులో ఐదో వంతు కూడా పట్టదు. అంత వేగంలో రోగి కండరం ఎదురుతిరిగేలోపే పని అయిపోతుంది. కీళ్లలో, కండరాల్లో ఉండే సాగుదల గ్రాహకాలు ఒక్కసారి ఉలిక్కిపడతాయి. వెన్నుపాములో నొప్పి సంకేతం దారి కొంతసేపు మందగిస్తుంది. బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది. వీటికి తోడు తాకిడి, నమ్మకం, చికిత్సకుడి మాట, తగ్గుతుందన్న ఆశ. ఇవన్నీ కలిసిన ఉపశమనం కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంటుంది. తర్వాత చేయించాల్సిన పని చేయించడానికి ఫిజియోథెరపిస్టుకు దొరికే వ్యవధి అదే.

ఇక చప్పుడు చేసుకుంటే కీళ్లు అరిగిపోతాయన్న భయం. అమెరికా వైద్యుడు డోనాల్డ్ అంగర్ యాభై ఏళ్లపాటు ఒక్క చేతి వేళ్లే విరుచుకుంటూ వచ్చి, రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని 1998లో పత్రికకు ఉత్తరం రాశాడు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక మనిషి మీద చేసిన ప్రయోగం ఎంత రుజువో అంతే రుజువు.

పద్ధతులు

కైరోప్రాక్టిక్‌లో పేరున్న పద్ధతులు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఎక్కువమంది వాడేది డైవర్సిఫైడ్. నడుముకు చేసే తీరు చూస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి. రోగి పక్కకు తిరిగి పడుకుంటాడు. పైకాలి మోకాలు మడిచి, కిందికాలు చాపుతారు. పై భుజాన్ని వెనక్కీ, తుంటిని ముందుకూ తిప్పుతూ, వెన్ను బిగుతు అందిన చోట ఆగుతారు. రోగి ఊపిరి వదిలేటప్పుడు చికిత్సకుడు మోచేత్తో బలం పెట్టకుండా, తన ఒంటి బరువును ఒక్కసారి కిందికి జారవిడుస్తాడు. నేర్చుకునేవాళ్లు తడబడేది కుదుపు దగ్గర కాదు, దానికి ముందు బిగుతును పట్టడంలో. బిగుతు అందకుండా కుదిపితే బలమంతా దెబ్బగా తగులుతుంది. అందాక ఇస్తే రోగికి తెలిసేలోపే అయిపోతుంది.

ఇంజనీరింగ్ వాసన ఉన్న పద్ధతి గాన్‌స్టెడ్. 1923 నుంచి విస్కాన్సిన్‌లోని మౌంట్ హోరెబ్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేసిన క్లారెన్స్ గాన్‌స్టెడ్ నిలువెత్తు ఎక్స్‌రేలు, చర్మం ఉష్ణోగ్రతను కొలిచే పరికరం, తడిమి చూడటం కలిపి ఏ పూసను ఏ దిక్కున నెట్టాలో లెక్కగట్టేవాడు. శ్రద్ధ మెచ్చుకోదగినదే. కానీ ఆ కొలతలకూ నొప్పికీ సంబంధం నిలబడలేదు, ఎక్స్‌రే మోతాదు మాత్రం మిగిలింది. థామ్సన్ పద్ధతిలో మంచంలోని ఒక భాగం కుదుపుతోపాటు కొద్దిగా కిందికి పడుతుంది. చేతి బలం తక్కువ చాలు. యాక్టివేటర్ అనేది స్ప్రింగుతో పనిచేసే చేతి పరికరం, 1960ల చివర్లో అమెరికాలోనే తయారైంది. వృద్ధులకూ, మెడ తిప్పితే భయపడేవాళ్లకూ దీన్ని వాడతారు. దాంతోపాటు నేర్పే కాళ్ల పొడవు పరీక్ష నమ్మదగినదా అన్నది వేరే ప్రశ్న. కాక్స్ ఫ్లెక్షన్ డిస్ట్రాక్షన్‌లో కుదుపే లేదు. రోగి బోర్లా పడుకుంటే మంచం కింది సగాన్ని నెమ్మదిగా వంచుతూ నడుమును లాగుతారు. డిస్క్ జారి కాలికి నొప్పి దిగేవారికి దీన్ని ఎంచుకుంటారు. ట్రాక్షన్ ఎరిగిన ఫిజియోథెరపిస్టుకు ఇది దగ్గరి చుట్టమే.

మెడ పైభాగంలోని రెండు పూసలే సర్వానికీ మూలమనే బి.జె. పామర్ టాగిల్ పద్ధతి, తుంటి కింద దిమ్మెలు పెట్టే సాక్రో ఆక్సిపిటల్ పద్ధతి, కండరం నెట్టి చూసి అవయవాల జబ్బు చెప్పే అప్లైడ్ కైనీసియాలజీ కూడా ఉన్నాయి. చివరిది పరీక్షించేవారికి జవాబు ముందే తెలియకుండా చేసిన ప్రయోగాల్లో నిలవలేదు. సామాజిక మాధ్యమాల్లో లక్షలమంది చూస్తున్న మెడపట్టీ లాగుడు చికిత్స గురించి గట్టి పరిశోధన లేదు, గట్టి కెమెరా పని ఉంది.

ఫిజియోథెరపీ వైపు వంశం

మానిప్యులేషన్‌ను కైరోప్రాక్టర్ల నుంచి ఫిజియోథెరపిస్టులు నిన్నమొన్న అరువు తెచ్చుకున్నారన్న మాట తరచూ వినబడుతుంది. అది నిజం కాదు. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో జేమ్స్ మెన్నెల్, ఆయన తర్వాత జేమ్స్ సిరియాక్స్ ఈ విద్యను ఫిజియోథెరపిస్టులకు నేర్పారు. వెన్నెముకను కదిపే పని ఆస్టియోపతులకూ కైరోప్రాక్టర్లకూ వదిలేయకూడదనీ, వైద్యుడు రోగనిర్ణయం చేస్తే ఫిజియోథెరపిస్టు చేయాలనీ సిరియాక్స్ వాదం. నార్వేలో ఫ్రెడ్డీ కాల్టెన్‌బోర్న్ కీలు ఉపరితలాల ఆకారాన్ని బట్టి జార్చే దిక్కు నిర్ణయించే పద్ధతిని కట్టాడు.

అందరికన్నా ఎక్కువ ప్రభావం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మైట్లాండ్‌ది. 1964లో వచ్చిన ఆయన పుస్తకం ‘వెర్టిబ్రల్ మానిప్యులేషన్’ మన దేశంలోని ఫిజియోథెరపీ విద్యార్థుల నోళ్లలోనూ నానుతుంది. కదలిక మొదట్లో చిన్న ఊపు గ్రేడ్ 1. హద్దు చేరకుండా పెద్ద ఊపు 2. బిగుతులోకి వెళ్లే పెద్ద ఊపు 3, హద్దు దగ్గర చిన్న ఊపు 4. ఆ పైన కుదుపు 5. ఈ వరుస వల్ల కుదుపు వేరే ప్రపంచంలోని అద్భుతం కాకుండా, మోతాదు పెంచుతూ పోతే చివర్న చేరే మెట్టుగా నిలిచింది. రోగికి ముందు 3, 4 ఇచ్చి చూసి, ఫలితం చాలకపోతేనే 5కు వెళ్లాలి. ఒక్కసారి చేసి, వెంటనే మళ్లీ పరీక్షించి, కదలికా నొప్పీ మారాయో లేదో చూడాలి. కైరోప్రాక్టిక్ పద్ధతులు నేర్చుకునే ఫిజియోథెరపిస్టు తన వెంట తీసుకెళ్లాల్సిన సొంత ఆస్తి ఇదే.

న్యూజీలాండ్ నుంచి రాబిన్ మెకంజీ, బ్రయాన్ మల్లిగన్ వచ్చారు. మెకంజీ రోగి తన కదలికలతో తానే చికిత్స చేసుకోవాలన్నాడు. చికిత్సకుడి చెయ్యి చివరి ఆసరా. మల్లిగన్ రోగి కదులుతుండగానే పూసను జార్చాడు. 1974లో మాంట్రియల్‌లో ఈ విద్య నేర్చిన ఫిజియోథెరపిస్టుల అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

నడుము నొప్పి మీద వందల అధ్యయనాలు జరిగాయి. 1998లో అమెరికాలో 321 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు కైరోప్రాక్టిక్ మానిప్యులేషన్, ఒక జట్టుకు మెకంజీ వ్యాయామాలు, ఒక జట్టుకు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. మొదటి రెండు జట్లు దాదాపు సమానం. పుస్తకం ఒక్కటే అందుకున్నవారికన్నా కొంచెమే మెరుగు. 2004లో బ్రిటన్‌లో 1334 మందితో చేసిన పెద్ద పరీక్షలో మానిప్యులేషన్‌కు 3 నెలల దగ్గర చిన్న నుంచి మధ్యస్థ లాభం, ఏడాది దగ్గర చిన్న లాభం కనబడ్డాయి. 47 పరీక్షలను, 9211 మందిని కలిపి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష, దీర్ఘకాలిక నడుము నొప్పికి మానిప్యులేషన్ ఇతర సిఫారసు చికిత్సలంత పనిచేస్తుందని తేల్చింది. అంతకన్నా బాగా అనలేదు.

మార్గదర్శకాలూ ఆ మేరకే మాట్లాడతాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో చేతి చికిత్సను వ్యాయామంతో కలిపితేనే ఇవ్వాలంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మందులకు ముందు ప్రయత్నించదగినవాటిలో దీన్ని చేర్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇవ్వదగిన వాటిలో పేర్కొంది. ఉబ్బసం, పసిపిల్లల కడుపునొప్పి, చెవి పోటు వంటివాటికి ఇలాంటి మద్దతు లేదు. 2008లో సైన్సు రచయిత సైమన్ సింగ్ ఇదే రాస్తే బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ పరువునష్టం దావా వేసి, 2010లో వెనక్కి తీసుకుంది. ఆ గొడవ 2013 నాటి కొత్త పరువునష్టం చట్టానికి దోహదం చేసింది.

ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగలమా? 2002లో అమెరికా సైనిక ఫిజియోథెరపిస్టులు 71 మందిని చూసి అయిదు గుర్తులు చెప్పారు: నొప్పి మొదలై 16 రోజులు దాటకపోవడం, మోకాలి కిందికి నొప్పి దిగకపోవడం, పని పట్ల భయం తక్కువగా ఉండటం, నడుములో ఎక్కడో బిగుతు, ఒక తుంటి లోపలికి 35 డిగ్రీలకు మించి తిరగడం. 2004లో 131 మంది మీద నియమం నిలిచింది. 2008లో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షలో నిలవలేదు. అయితే అక్కడ ఎక్కువమందికి కుదుపు కాక నెమ్మది మొబిలైజేషన్ ఇచ్చారు. ఇప్పుడు నియమంగా కాక, మొదటి రెండు గుర్తులను ఇంగితంగా వాడుకోవడమే మంచిది. కొత్త నొప్పికి, కాలికి దిగనిదానికి కుదుపు ఫలితం ఎక్కువ.

ముప్పు

చికిత్స చేయించుకున్నవారిలో దాదాపు సగంమందికి ఒకటి రెండు రోజులు సలుపు, బిగుతు ఉంటాయి. అది చెప్పి చేయాలి. భయపడాల్సింది మెడ దగ్గర. మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమనులు మెడపూసల రంధ్రాల గుండా పైకి వెళ్లి, మొదటి పూస దగ్గర మెలిక తిరుగుతాయి. ధమని లోపలిపొర చీలితే స్ట్రోక్ రావచ్చు. 2008లో కెనడాలోని ఒంటారియోలో 818 స్ట్రోకులను పరిశీలించినప్పుడు, కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్లడంతో ఎంత సంబంధం కనబడిందో మామూలు వైద్యుడి దగ్గరకు వెళ్లడంతోనూ అంతే కనబడింది. చీలిక మొదలయ్యాక వచ్చే మెడనొప్పే మనిషిని చికిత్సకుడి దగ్గరికి తెస్తోందని ఒక వివరణ. అది కైరోప్రాక్టర్లకు ఊరట కావచ్చు. ఫిజియోథెరపిస్టుకు మాత్రం హెచ్చరిక: మెడ పట్టేసిందంటూ వచ్చిన మనిషిలో చీలిక అప్పటికే ఉండొచ్చు, మన కుదుపు దాన్ని ముదిరించొచ్చు. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న మహిళకు స్ట్రోక్ వచ్చిన వార్త పత్రికలకెక్కింది. మంగలి కుర్చీలో క్షవరం చివర్న మెడ విరిపించుకునే అలవాటుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఫిజియోథెరపిస్టుల అంతర్జాతీయ సమాఖ్య 2012లో వెలువరించి, 2020లో సవరించిన మార్గదర్శకం ఒక్క పరీక్షతో తేల్చేయవద్దంటుంది. మెడ తిప్పి పట్టుకుని కళ్లు తిరుగుతున్నాయా అని అడిగే పాత పరీక్ష నమ్మదగినది కాదు. ఎన్నడూ ఎరుగని తలనొప్పి, మెడనొప్పి, మాట తడబాటు, మింగలేకపోవడం, రెండుగా కనబడటం, ముఖం మొద్దుబారడం అడగాలి, రక్తపోటు కొలవాలి, కపాల నాడులు చూడాలి. నడుము విషయంలో మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, మూత్రం బిగబట్టుకుపోవడం ఉంటే చెయ్యి వేయకుండా అత్యవసరానికి పంపాలి. ఆస్టియోపోరోసిస్, క్యాన్సర్, రక్తం పలుచన చేసే మందులు, మెడ పైపూసలను వదులు చేసే రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి కుదుపు వద్దు. మన దగ్గర ఇంకొకటి చేర్చుకోవాలి: వెన్నెముక క్షయ. రాత్రి తగ్గని వెన్నునొప్పి, సాయంత్రపు జ్వరం, తగ్గిపోతున్న బరువు కనబడితే ముందు ఎంఆర్ఐ.

చట్టం, శిక్షణ

కైరోప్రాక్టర్లకు లైసెన్సు చట్టం మొదట 1913లో కాన్సస్‌లో, అమెరికా రాష్ట్రాల్లో అన్నిటికన్నా చివర 1974లో లూసియానాలో వచ్చింది. బ్రిటన్‌లో 1994 చట్టం ఉంది. అమెరికా మెడికేర్ 1970ల నుంచి కైరోప్రాక్టర్‌కు వెన్నెముక మానిప్యులేషన్ ఒక్కదానికే, అదీ సబ్‌లక్సేషన్ సరిచేసేందుకే, డబ్బిస్తోంది. శాస్త్రం పక్కన పెట్టిన మాట బిల్లుల్లో బతికే ఉంది. అక్కడే కొన్ని రాష్ట్రాల్లో ఫిజియోథెరపిస్టులు వెన్నెముకకు కుదుపు ఇవ్వకూడదన్న నిషేధాలు ఉండేవి. వాషింగ్టన్ రాష్ట్రం 2014లో చట్టం మార్చి అదనపు శిక్షణతో అనుమతించింది. ఆస్ట్రేలియా కైరోప్రాక్టిక్ బోర్డు రెండేళ్లలోపు పిల్లల వెన్నెముకను కదపవద్దని 2019లో నిలుపుదల చేసింది.

పూర్తిస్థాయి కైరోప్రాక్టర్‌కు కనీసం 4200 గంటల బోధన, అందులో 1000 గంటల పర్యవేక్షిత వైద్యాభ్యాసం ఉండాలని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. భారతదేశంలో కైరోప్రాక్టర్లను నమోదు చేసే ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. ఫిజియోథెరపీ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వస్తుంది. అందుకే ఇక్కడ కైరోప్రాక్టర్ అన్న బోర్డు కింద విదేశాల్లో పూర్తి కోర్సు చదివినవారూ ఉంటారు, శని ఆదివారాల వర్క్‌షాపు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకున్నవారూ ఉంటారు. కీలు విద్య, నాడీ పరీక్ష, వ్యాయామ మోతాదు డిగ్రీలోనే నేర్చిన ఫిజియోథెరపిస్టు గురువు చేతి కింద కుదుపు నేర్చుకోవడంలో తప్పు లేదు. రోగికి ముప్పు చెప్పి, సమ్మతి రాయించుకుని, ఏ కీలుకు, ఏ గ్రేడులో, ఎన్నిసార్లు ఇచ్చాడో, వెంటనే చేసిన పరీక్షలో ఏం మారిందో కేసు షీటులో నమోదు చేయాలి. అదే షీటులో ఇంటి వ్యాయామం కూడా ఉండాలి. మెడ విషయంలో వీపు పైభాగానికి ఇచ్చే కుదుపుతో ముందు ప్రయత్నించడం చాలామంది అనుసరిస్తున్న జాగ్రత్త. మెడనొప్పికి దానివల్లా ఉపశమనం వస్తుందని పరీక్షల్లో కనబడింది, వెర్టిబ్రల్ ధమని జోలికి పోనక్కర్లేదు.